ఒలీటా పేరు మీద చలానా

ఒలీటా కాడిల్ పొట్టి మనిషి. సీటు మీద దిండు వేసుకుంటే గానీ బస్సు ముందు అద్దంలోంచి రోడ్డు కనపడదు. కానీ ఆ దిండు మీద ఎక్కి కూర్చున్నాక ఆమె మాటకు ఎదురు లేదు. వెనక సీట్లో ఎవడైనా నములుతున్న గమ్ తీసి పక్కవాడి జుట్టుకు అంటించబోతే, వెనక్కి తిరగకుండానే పైన అద్దంలో చూసి ఒక్క వేలు ఎత్తేది. ఆ వేలికి దడవని పిల్లవాడు మా పిన్‌సన్ కౌంటీలో ఇంకా పుట్టలేదు. అప్పుడు దడిచిన పిల్లల పిల్లలు కూడా ఇప్పుడు అదే వేలికి దడుస్తున్నారు.

పద్నాలుగో నంబరు బస్సు. ఇరవై తొమ్మిదేళ్ళు. బీచ్ ఫోర్క్ వాగు పొంగితే పిల్లలందర్నీ దింపేసి, చెయ్యీ చెయ్యీ పట్టించి వంతెన నడిపించి, ఖాళీ బస్సును తను ఒక్కతే దాటించేది. మునిగితే నేనొక్కదాన్నే మునుగుతాను అనేది. మంచు పడ్డ రోజు టైర్లు జారకుండా వాటికి గొలుసులు తనే చుట్టేది. ఇన్నేళ్ళలో బస్సుకు ఒక గీత పడలేదు, ఆమెకు ఒక చలానా పడలేదు. ప్రతి మే నెలలోనూ బడి బోర్డువాళ్ళు చిన్న చెక్క ఫలకం మీద ఇత్తడి రేకు కొట్టి ఇచ్చేవారు. "ఈ ఏడాది ఒక్క చలానా లేదు" అని దాని మీద ఉంటుంది. అలాంటివి ఇరవై తొమ్మిది ఆమె ఇంట్లో నడవా గోడకు వరసగా వేలాడుతున్నాయి. ముప్పయ్యోది వస్తే బస్సు పక్కన ఆమె పేరు రంగుతో రాయిస్తారు. మా కౌంటీలో ఇంతవరకూ ఎవరి పేరూ బస్సెక్కలేదు.

ఆ ఫలకాల దుమ్ము దులిపేది ఆమె తల్లి ఇమొజీన్. డెబ్బై అయిదేళ్ళ మనిషి. దులిపినప్పుడల్లా గొణుక్కునేది.

"చెక్కముక్కలు. పొయ్యిలో పెట్టినా సరిగా మండవు."

కూతురు బస్సు నడపడం ఆ తల్లికి ఏనాడూ నచ్చలేదు. ఆడదానికి స్టీరింగేమిటని ఇమొజీన్ మొగుడు అంటూ ఉండేవాడు. ఆయన పోయి పదేళ్ళయినా ఆ మాట మాత్రం ఆవిడ నోట్లో బతికే ఉంది. ఇంటికి లైసెన్సున్నది ఒలీటా ఒక్కతే. తల్లి బతుకంతా పక్క సీట్లోనే కూర్చుంది.

ఆగస్టులో, బడి తెరవడానికి వారం ముందు, శనివారంనాడు ఒక ఉత్తరం వచ్చింది. రాజధానిలోని లైసెన్సుల ఆఫీసు నుంచి. కౌంటీల్లో మూలుగుతున్న పాత చలానాలన్నీ కొత్త కంప్యూటరులోకి ఎక్కించారట. అందులో ఒలీటా పేరు తేలిందట. ముప్పై ఏళ్ళ కిందట జూన్ పద్నాలుగున టాబర్ కౌంటీలో, నలభై అయిదు మైళ్ళ వేగం దాటకూడని చోట ఎక్కువ వేగంతో పోయిందట. కోర్టుకు రమ్మంటే రాలేదట. కాబట్టి ఈ ఉత్తరం అందిన క్షణం నుంచి లైసెన్సు నిలిపివేత. విడిపించుకోవాలంటే ఆ కౌంటీ కోర్టు క్లర్కు నుంచి కేసు ముగిసినట్టు కాగితం తేవాలట.

ఒలీటా ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి గట్టిగా, తల్లికి వినపడేలా చదివింది.

"నేను టాబర్ కౌంటీలోనా? ముప్పై ఏళ్ళ కిందట జూన్‌లో నేను చొక్కాల ఫ్యాక్టరీలో పగలంతా కాలర్లు కుడుతున్నానే! ఫ్యాక్టరీకి నడిచే వెళ్ళేదాన్ని. నా ట్రక్కు ఇంటి దగ్గరే పడుండేది. ఏ గుడ్డి వెధవ రాశాడమ్మా ఇది?"

ఇమొజీన్ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"ఆ కట్టేదేదో కట్టేసి రావే. వదిలిపోతుంది."

"చెయ్యని తప్పుకా?"

"చేశావో లేదో ఎవరికి గుర్తుంటుంది, ముప్పై ఏళ్ళ నాటిది!"

"నాకు గుర్తుంది," అంది ఒలీటా. తల్లికి తన పరువంటే పట్టదని ఆమె మనసు చివుక్కుమంది.

బస్సుల మీద అధికారి ఎమ్మెట్ స్లోన్ కూడా సోమవారం ఫోన్‌లో అదే పాట పాడాడు. అతను మంచివాడే గానీ, ఏ గొడవనైనా చాప కిందికి తోసేస్తే గది శుభ్రమైపోయినట్టే అనుకునే రకం.

"ఒలీటా, శుక్రవారం నాలుగు గంటలకి డ్రైవర్ల జాబితా బోర్డుకి పంపాలి. లైసెన్సు లేకపోతే పద్నాలుగో నంబరు వేరేవాళ్ళకి ఇవ్వక తప్పదు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం నా చేతిలో ఉండదు. వెళ్ళి ఒప్పేసుకుని కట్టెయ్."

"ఒప్పుకుంటే మరి నా ముప్పయ్యో ఏడు?"

అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడు వినపడింది.

"ఒప్పుకున్న తేదీ ఈ ఏడాదిది పడుతుంది కదా. ఇక ఫలకం... రాదు."

"బస్సు మీద పేరు?"

"అదీ అంతే."

అదీ సంగతి. శుక్రవారం నాలుగింటిలోగా ఆ చలానా తనది కాదని తేలితే బస్సూ పేరూ రెండూ దక్కుతాయి. ఒప్పుకుంటే బస్సు దక్కుతుంది, పేరు పోతుంది. ఏదీ తేలకపోతే రెండూ పోతాయి.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. టాబర్ కౌంటీ కోర్టు కొండ అవతల ముప్పై నాలుగు మైళ్ళు. మా వైపు ఊళ్ళ మధ్య తిరిగే బస్సులు లేవు. ఉన్నవి బడి బస్సులే, వాటిని నడిపేదేమో లైసెన్సు లేకుండా ఇంట్లో కూర్చుంది. ఇంటి ముందు కారుంది, బండి నిండా పెట్రోలుంది, తాళం చేతిలో ఉంది. "ఎవడు చూస్తాడు, పోయిరా" అన్నారు ఇరుగుపొరుగు. ఒలీటా వినలేదు. లైసెన్సు లేకుండా బండి ముట్టుకోవడమంటే ఆమెకు చర్చిలో ఉమ్మేయడంతో సమానం.

ముందు కోర్టుకు ఫోన్ చేసింది. ఆంగ్లానికైతే ఒకటి నొక్కమంది రికార్డు గొంతు. ఆస్తి పన్నుకు రెండు, పెళ్ళి లైసెన్సుకు మూడు, కుక్కల లైసెన్సుకు నాలుగు. చలానాలకు తొమ్మిది. తొమ్మిది నొక్కితే వయొలిన్ పాట. పాట అయ్యాక మళ్ళీ ఒకటి నొక్కమంది. అలా మూడుసార్లు తిరిగి ఒలీటా ఫోన్‌ను గోడకేసి కొట్టబోయి, అది తన ఫోనేనని గుర్తొచ్చి ఆగింది.

మంగళవారం చర్చి వ్యానులో వెళ్ళింది. కిడ్నీ రోగుల్ని టాబర్ ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యాను అది. నడిపే కుర్రదానికి గేరు మార్చడం రాదు. మలుపు మలుపుకీ ఒలీటా కుడికాలు తనంతట తనే నేలకేసి నొక్కుకుంటోంది. నోరు మెదపలేదు. ఎలా మెదుపుతుంది? లైసెన్సున్నది ఆ పిల్లకే కదా.

కోర్టులో కిటికీ వెనక డార్లా ప్రిచర్డ్ కూర్చుని ఉంది. ముప్పై లోపు పిల్ల, గోళ్ళకు ఊదా రంగు. మర్యాదగానే మాట్లాడింది, ఆ మర్యాదే ఒలీటాకు ఒళ్ళు మండించింది.

"కంప్యూటర్లో లేదు మేడమ్."

"లేదంటే నా మీద కేసు లేనట్టేగా? ఆ మాటే కాగితం మీద రాసివ్వమ్మా."

"అలా కాదు మేడమ్. మా కంప్యూటర్లో తొంభై ఆరు నుంచే ఉన్నాయి. మీది అంతకు ముందుది."

"రాజధాని వాళ్ళకి నా పేరు దొరికిందిగా మరి!"

"వాళ్ళకి మేం పంపిన పాత జాబితాలోంచి ట్రక్కు నంబరు దొరికింది. నంబరు మీ పేరు మీదుంది. అసలు చలానా కాగితం వాళ్ళ దగ్గరుండదు. మా దగ్గరుండాలి."

"ఉందా మరి?"

"ఉండాలి మేడమ్."

"చూడమ్మా. దొరకలేదు కాబట్టి లేదని నువ్వు రాసివ్వలేవు. దొరకలేదు కాబట్టి నాది కాదని నేను నిరూపించుకోలేను. కానీ ఆ దొరకని దాని మీదే నా లైసెన్సు మాత్రం ఊడబెరికారు. ఎక్కడి న్యాయమమ్మా ఇది?"

"నేను రూల్సు చెయ్యను మేడమ్," అంది డార్లా దిగులుగా. "పాతవి నేలమాళిగలో ఉంటాయి. తాళం జైలరు దగ్గరుంది. ఆయన చేపలు పట్టడానికెళ్ళాడు. రేపొస్తాడు."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడూ ఇవ్వలేదు, పూజారేమో గాలం పట్టుకుని సరస్సు మీద కూర్చున్నాడు.

బుధవారం కోళ్ళ దాణా లారీలో, బస్తాల పక్కన కూర్చుని వెళ్ళింది. లారీ మూడు చోట్ల ఆగింది. కోర్టు మెట్లెక్కేసరికి పన్నెండూ అయిదు. తలుపు మూసి ఉంది. "బుధవారం ఒంటిపూట" అని అట్టముక్క వేలాడుతోంది. అద్దంలోంచి లోపల డార్లా ఖాళీ కుర్చీ కనపడుతోంది. ఒలీటా ఆ తలుపును కాలితో తన్నింది. ముప్పై ఏళ్ళలో ఆమె ఏ ప్రభుత్వ ఆస్తినైనా తన్నడం అదే మొదటిసారి. తన్ని, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకుని, మెట్ల మీద కూలబడి మధ్యాహ్నమంతా దాణా లారీ తిరిగి వచ్చేదాకా కూర్చుంది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఎండ వల్ల అని తనకు తను చెప్పుకుంది.

ఇంటికొస్తే తల్లి మళ్ళీ మొదలెట్టింది.

"ఇంకా తిరుగుతున్నావా? కట్టేసి రావే అన్నాను కదా. తవ్వేకొద్దీ మట్టే వస్తుంది."

"నువ్వు నా పక్షమా, వాళ్ళ పక్షమా?"

ఇమొజీన్ మొక్కజొన్న రొట్టె ముక్క కూతురి పళ్ళెంలో వేసి, తను తినకుండానే లేచి గదిలోకి వెళ్ళిపోయింది.

గురువారం మళ్ళీ చర్చి వ్యానులో వెళ్తే, నేలమాళిగ తలుపు తెరుచుకుంది. జైలరు తాళమిచ్చి, తను పట్టిన చేప ఎంత పొడవో చేతులు చాపి చూపించి పోయాడు. డార్లా టార్చిలైటు పట్టుకుంది. లోపల అట్టపెట్టెలు పైకప్పు దాకా ఉన్నాయి, చెమ్మకు అడుగున మెత్తబడి ఉన్నాయి. ఒలీటా చొక్కా చేతులు పైకి మడిచింది.

"కాడిల్ పెట్టె ఎక్కడుందో చూడు."

డార్లా లైటు పెట్టెల మీద తిప్పింది. ఒక్క పెట్టె మీదా మనిషి పేరు లేదు. బకీ కోన. చల్లనీళ్ళ కోన. రాటిల్ కోన. గొర్రెల కోన. కొండల మధ్య సందుల్లో ఉండే ఊళ్ళ పేర్లన్నీ వరసగా ఉన్నాయి.

"ఇదేంటి మేడమ్, చలానాల్ని కోనల వారీగా పెట్టారు?"

ఒలీటాకు వెంటనే అర్థమైంది. మా వైపు పుట్టినవాళ్ళకు అర్థం కానిదేముంది? రెండు కౌంటీల్లో సగం మంది కాడిల్సే. ఒలీటా పుట్టింది కాడిల్, కట్టుకున్నదీ ఇంకో కాడిల్‌నే. నాలుగేళ్ళకు విడిపోయినప్పుడు పేరు మార్చుకునే శ్రమైనా తప్పింది. జాన్ కాడిల్ అని కేకేస్తే పదకొండు మంది పలుకుతారు. అందుకే మా వాళ్ళు మనిషి పేరు అడగరు, ఏ కోన అని అడుగుతారు. పాత క్లర్కెవరో ఆ లెక్కనే చలానాల్నీ సర్దుకున్నారు. మనుషులకు తేలికే, కంప్యూటరుకు మాత్రం తల తిరిగిపోయింది.

"బయటి కౌంటీల పెట్టె ఉందేమో చూడు. నాది లారెల్ కోన, పిన్‌సన్ కౌంటీ."

ఉంది. ఆ పెట్టెలో కాగితాలన్నీ ఇద్దరూ కలిసి ఒక్కొక్కటే తీశారు. మూడు గంటలు పట్టింది. ఎలుకలు తిన్నవి తిన్నాయి, మిగిలినవాటిలో ఒలీటా పేరు లేదు. ఆమె ముక్కు మీద నల్లటి మసి, మెడ మీద సాలెగూడు.

"మిగతావన్నీ చూడాలంటే క్రిస్మస్ వస్తుంది మేడమ్," అంది డార్లా. ఆ పిల్ల గోళ్ళ ఊదా రంగంతా పెచ్చులూడిపోయింది. "ఇవి సర్దింది మిస్ హెస్టర్. నలభై ఏళ్ళు క్లర్కుగా చేశారు. వెనక వీధిలోనే ఇల్లు. అడుగుదామా?"

హెస్టర్ అంబర్గీ వరండాలో ఉయ్యాల కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని టమాటా ముక్కల మీద ఉప్పు చల్లుకుంటోంది. డెబ్బై అయిదు దాటి ఉంటుంది. ఒలీటా చెప్పిందంతా విని, ముక్క ఒకటి నోట్లో వేసుకుంది.

"ఆకుపచ్చ ట్రక్కేనా?"

ఒలీటా ఉలిక్కిపడింది. "మీకెలా తెలుసండీ?"

"టర్కీ పెన్ కోన పెట్టెలో చూడు."

"టర్కీ పెన్ ఏంటండీ మిస్ హెస్టర్? నాది లారెల్ కోన అంటున్నా కదా. నాకూ టర్కీ పెన్‌కీ ఏం సంబంధం?"

"నీకేం సంబంధం లేదు. చలానా మీద ఏ పేరు రాశారో నాకక్కర్లేదమ్మా. బండిలో ఉన్న మనిషిది ఏ కోనో ఆ పెట్టెలో వేస్తాను. నలభై ఏళ్ళలో తప్పలేదు."

"బండిలో ఎవరున్నారు మరి?"

"నలభై ఏళ్ళలో నోరు కూడా జారలేదు," అంది హెస్టర్, పళ్ళెం కింద పెడుతూ. "రేపు పోయి చూసుకో. నాలుగున్నరైంది, వాళ్ళు మూసేసుంటారు."

నిజంగానే మూసేశారు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళే దారంతా ఒలీటా మనసులో టర్కీ పెన్, టర్కీ పెన్ అనుకుంటూనే ఉంది. ఆ పేరు ఆమెకు కొత్త కాదు. తల్లి పుట్టిన కోన అది. మేనమామలు ముగ్గురున్నారు, ముగ్గురూ తాగుబోతులే. వాళ్ళలో ఒకడు ట్రక్కు ఎత్తుకుపోయి ఉంటాడని తేల్చుకుంది. బహుశా డెన్వర్ మామే. చచ్చి పన్నెండేళ్ళయింది, ప్రమాణం చేసి చెప్పినా ఆయనకు పోయేదేమీ లేదు. వారం రోజుల్లో మొదటిసారి ఆమెకు కడుపు నిండా అన్నం సయించింది. తల్లితో ఏమీ చెప్పలేదు. తమ్ముడి మీద నింద పడుతుందంటే ముసలావిడ బాధపడుతుందని ఊరుకుంది.

శుక్రవారం ఎమ్మెట్ స్లోనే తన కారులో దింపాడు. "రెండింటికల్లా ఏదో ఒకటి ఫ్యాక్సులో పంపించెయ్," అని మరీ మరీ చెప్పాడు.

టర్కీ పెన్ పెట్టె చిన్నది. చలానా పచ్చ కాగితం పైపైనే ఉంది, ఇరవయ్యో ఇరవై ఒకటో కాగితాల కింద. డార్లా "దొరికింది మేడమ్!" అని గెంతింది. ఒలీటా లాక్కుని లైటు కింద పట్టుకుంది. ఆకుపచ్చ పికప్ ట్రక్కు. కొత్తగా వేసిన నాలుగు వరసల రోడ్డు. అరవై ఒక్క మైళ్ళ వేగం. నడిపినవారి పేరు దగ్గర ఒలీటా కాడిల్ అని పోలీసు అచ్చక్షరాలు. డెన్వర్ మామ కాదు. ఏ పోలీసూ డెన్వర్ మామను చూసి ఒలీటా అని రాయడు, ఆయనకు గెడ్డం ఉండేది.

కింద సంతకం ఉంది.

కాడిల్ అన్న పేరులో మొదటి ఇంగ్లీషు 'సి' అక్షరాన్ని చేపల గాలంలా వంచి, చివర ముల్లు కూడా పెట్టి రాసి ఉంది. ఆ గాలాన్ని ఒలీటా పుట్టినప్పటి నుంచీ చూస్తూనే ఉంది. ఇంటి నేలగదిలో అరల నిండా ఉన్న చిక్కుడుకాయల సీసాల చీటీల మీద, బ్లాక్‌బెర్రీ జామ్ సీసాల చీటీల మీద, బడికి తీసుకెళ్ళిన మార్కుల కార్డుల మీద. లోకంలో 'సి'ని అలా రాసే మనిషి ఒక్కతే ఉంది.

ఒలీటా మెత్తబడిన పెట్టె మీదే కూర్చుండిపోయింది. పెట్టె కుంగింది. ముందు ఆమెకు వచ్చింది కోపమే, జాలి కాదు. వారం రోజులు! కిడ్నీ రోగుల మధ్య, కోళ్ళ దాణా బస్తాల పక్కన, సాలెగూళ్ళలో తను పొర్లుతుంటే, ఆ మనిషి ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీసింది. కట్టేసి రావే, కట్టేసి రావే అన్నది అందుకా!

"ఇది మీ సంతకమేనా మేడమ్?" అంది డార్లా.

ఒలీటా కాగితం పట్టుకుని మెట్లెక్కింది.

పైకొచ్చాక డార్లా రెండు కాగితాలు కిటికీ కింద నుంచి తోసింది. "మీది కాకపోతే ఇది నింపండి. ఆ రోజు బండి నడిపిందెవరో పేరు రాసి ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. షెరీఫు మనిషి వాళ్ళింటికొచ్చి వాంగ్మూలం తీసుకుంటారు. ఆ తర్వాత జడ్జిగారు మీ పేరు కొట్టేస్తారు."

"ఎన్నాళ్ళు?"

"నెలా నెలన్నర. కానీ అర్జీ పెట్టినట్టు నేను ఇప్పుడే ముద్ర కొట్టిస్తాను. దాంతో మీ బస్సుల ఆఫీసరు ఆగొచ్చు." ఆ పిల్ల కళ్ళు మెరుస్తున్నాయి. వారమంతా కలిసి దుమ్ము తిన్నారు కదా, ఒలీటా గెలిస్తే తనూ గెలిచినట్టే. "రెండోది, మీదే అయితే. నేరం ఒప్పుకుంటున్నాను అని ఉన్న గడిలో టిక్కు పెట్టి కట్టేస్తే, పది నిమిషాల్లో రాజధానికి ఫ్యాక్సు వెళ్ళిపోతుంది. అది మీకెందుకులెండి."

ఒలీటా మొదటి కాగితం తీసుకుంది. బండి నడిపినవారి పేరు, అని గీత. వయసు, అని గీత. లైసెన్సు నంబరు, అని గీత. లైసెన్సు నంబరు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. లేదు అని రాయాలి. బూట్లు టకటకలాడించుకుంటూ షెరీఫు మనిషి వరండా ఎక్కుతాడు. డెబ్బై అయిదేళ్ళ మనిషిని, చర్చిలో మొదటి బెంచీ మీద కూర్చునే మనిషిని, లైసెన్సు లేకుండా బండి నడిపావా, కూతురి పేరు చెప్పావా అని అడుగుతాడు. సాయంత్రానికల్లా కోన కోనకీ తెలుస్తుంది. మా వైపు కబుర్లకు చలానాలు ఉండవు, ఎంత వేగంతోనైనా పోతాయి.

గోడ గడియారం ఒకటిన్నర చూపిస్తోంది.

రెండో కాగితం లాక్కుని, నేరం ఒప్పుకుంటున్నాను అన్న గడిలో టిక్కు పెట్టింది. ఎంత గట్టిగా పెట్టిందంటే కాగితం చిరిగి కింద బల్ల మీద గీత పడింది.

డార్లా మొహం వాడిపోయింది. "మేడమ్, మరి మీ ముప్పయ్యో ఏడో?"

"కొట్టమ్మా నీ ముద్ర," అంది ఒలీటా.

ఇంటి ముందు ఎమ్మెట్ దింపేసరికి ఇమొజీన్ వరండాలోనే ఉంది. పక్కన చిక్కుడుకాయల గిన్నె. ఒలీటా మెట్లెక్కి, పచ్చ కాగితం నకలు ఆ గిన్నెలో పడేసింది.

"టర్కీ పెన్ పెట్టెలో దొరికింది."

తల్లి కాగితం వైపు చూసింది. చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"హెస్టర్ ఇంకా బతికే ఉందా," అంది చివరికి.

"ముందు నాకు జవాబు చెప్పు. నా పేరు చెప్పి తప్పించుకున్నావా?"

"నేనేం చెప్పలేదు. ఆ పోలీసాడే బండి కాగితాలు చూసి, ఒలీటా కాడిలేనా అన్నాడు. తలూపాను. అంతే. నోటితో అబద్ధమాడలేదు."

"నీకసలు నడపడం ఎప్పుడొచ్చింది?"

"నువ్వు నేర్చుకునేటప్పుడు పక్కన కూర్చున్నది ఎవరే? నీ కాళ్ళే చూస్తూ కూర్చున్నా." ఇమొజీన్ గొంతు తగ్గించింది, మొగుడు ఇంకా లోపలే ఉన్నట్టు. "మీ నాన్న గనికెళ్ళాడు. నువ్వు ఫ్యాక్టరీకెళ్ళావు. తాళం మేకుకి వేలాడుతోంది. కొండవతల కొత్త రోడ్డు వేశారని, తిన్నగా ఉంటుందని అందరూ అంటుంటే... ఒక్కసారి చూసొద్దామనిపించింది. ఎక్కడికీ వెళ్ళలేదే. ఊరికే, ఆ చివరి నుంచి ఈ చివరికి."

"మరి కోర్టుకెందుకు వెళ్ళలేదు?"

"వెళ్ళాను. రెండోసారి కూడా నీ ట్రక్కే తీసుకుని వెళ్ళాను. కిటికీ వెనకాల హెస్టర్ కూర్చునుంది. చిన్నప్పుడు బడిలో ఇద్దరం ఒకే బెంచీ. కాగితం ఇవ్వబోతుంటే, 'ఇమ్మీ!' అంది. దాని ఎదురుగా నేను ఒలీటానని ఎలా చెప్పను? వెనక్కి తిరిగి వచ్చేశా. ఆ తర్వాత మళ్ళీ తాళం ముట్టుకోలేదు."

ఒలీటా గుమ్మానికి ఆనుకుంది. వారమంతా కూడబెట్టుకున్న తిట్లు ఇంకా గొంతులోనే ఉన్నాయి.

"నా ముప్పయ్యో ఏడు పోయిందమ్మా. బస్సు మీద పేరు పోయింది. ఒప్పేసుకుని వచ్చాను."

ఇమొజీన్ లేవబోయింది. "నేనొచ్చి చెప్తాను పద. నిజం చెప్తాను."

"ఇప్పుడేం చెప్తావు? ఆఫీసు మూసేశారు."

ఒలీటా గిన్నె అవతల కూలబడి, అలవాటుగా ఒక కాయ తీసి ఈనె లాగింది. ముసలావిడ కాగితాన్ని కళ్ళకు దగ్గరగా, ఆ తర్వాత దూరంగా పెట్టి చూసింది. అద్దాలు లోపలున్నాయి.

"ఏమే, ఎంత వేగమని రాశాడు?"

"అరవై ఒకటి."

"అరవై ఒకటా?" ఇమొజీన్ కాగితాన్ని గిన్నెలోకి విసిరేసింది. ముప్పై ఏళ్ళుగా తనకు జరిగిన అన్యాయం ఇప్పుడే తెలిసినట్టు ఆమె మొహం చిన్నబోయింది. "వాడి మొహం! డెబ్బై దాటిందే మీటరు ముల్లు. నేను చూశాను."